సొరుగుకు తాళం ముఖ్యం

మనస్తత్వ శాస్త్రంలో కొందరు బరితెగించారు. ప్రశ్నావళులు ఊరికే పంచిపెడుతున్నారు. సేకరించిన డేటాను, లెక్కకట్టిన కోడ్‌తో సహా, ఎవరైనా చూసేలా బయట పెడుతున్నారు. పైగా మనిషికీ మనిషికీ తేడా ఎక్కడుందో దేశదేశాలవాళ్లం కలిసి కనుక్కుందాం అంటున్నారు. పెద్దలు ఊరుకుంటే ఎలా?

1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు జల్లెడపట్టి, ఒకరిని మరొకరి నుంచి వేరుచేసి చెప్పే మాటలు 17,953 ఏరారు. అవి అందరి సొత్తు. ఎవరినైనా పిసినారి అనొచ్చు, రుసుము లేదు. తర్వాతివాళ్లు ఆ లోపం సరిదిద్దారు. గుణాలను ప్రశ్నలుగా మార్చి, కాపీరైటు తీసుకుని, జవాబు పత్రానికి ఇంత అని ధర కట్టారు. మీరు కలుపుగోలు మనిషో కాదో మీ ఇంట్లోవాళ్లు ఉచితంగానే చెబుతారు, నిజమే. దానికి బిల్లు ఉండదు కాబట్టి అది శాస్త్రం కాదు.

ఇంత చక్కని ఏర్పాటును లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెడగొట్టాడు. 1990లలో వ్యక్తిత్వ ప్రశ్నలను కుప్పపోసి, వాడుకోండి, మార్చుకోండి, నన్నడగక్కర్లేదు అన్నాడు. ఆ కుప్ప ఇప్పుడు మూడు వేలు దాటింది. 2014లో కాండన్, రెవెల్ అనే మరో ఇద్దరు తెలివితేటల పరీక్షలకూ అదే గతి పట్టించారు.

ఈ రెవెల్ బృందం చేసిన ఇంకో పని చెప్పాలి. జవాబిచ్చేవాళ్లను అన్ని ప్రశ్నలూ అడగరు. ఒక్కొక్కరికి ఏవో కొన్ని, లాటరీ తీసినట్టు. ఏ ఒక్కరి కాగితం చూసినా ఖాళీలే ఎక్కువ. కానీ లక్షలమంది కాగితాలు ఒకచోట చేరిస్తే, ఏ ప్రశ్నకు ఏ ప్రశ్నతో ఎంత సంబంధముందో తేలుతుందట. తేలుతోంది కూడా, అదే నా బాధ. మన పద్ధతిలో ఇంత హంగామా ఉండదు. మార్కుల కోసం వచ్చిన నలభైమంది విద్యార్థులు చాలు. సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పే అంకె, నిలకడగా కనబడాలంటే సుమారు 250 మంది కావాలని 2013లో ఇద్దరు లెక్కతేల్చారు. నిలకడ ఎవడిక్కావాలి? నలభైమందిలో అది ఇవాళ 0.4, రేపు 0.1. మనకు నచ్చినరోజు ఆపేయొచ్చు.

డేటా సంగతికొస్తే, మనవాళ్ల క్రమశిక్షణ మెచ్చుకోదగింది. 141 పరిశోధన పత్రాల రచయితలను డేటా ఇమ్మని అడిగి, ఆ ముచ్చట 2006లో ప్రచురించారు. 73 శాతం మంది ఇవ్వలేదు. అడిగితే ఇస్తామని ముందే సంతకం పెట్టినవాళ్లు వీళ్లు! మిగతా 27 శాతం మంది మెతకదనం మీద ఎవరైనా పరిశోధించాలి.

2011లో ముగ్గురు పరిశోధకులు ఒక పాట వినిపించి విద్యార్థుల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గించి చూపించారు. లెక్కలను ఇష్టమొచ్చినట్టు తిప్పితే ఏదైనా రుజువవుతుందని హెచ్చరించడానికట. నేను దాన్ని సౌందర్య సాధనంగా చూశాను. పరికల్పనను, అంటే ఏం తేలుతుందనుకుంటున్నామో దాన్ని, ముందే రాసి నమోదు చేయాలనే ఈ కొత్త నిబంధన ఇలాంటి అద్భుతాలన్నిటినీ చంపేస్తుంది.

2015లో వంద ప్రయోగాలను అందరూ కలిసి మళ్లీ చేశారు. మొదటిసారి వాటిలో 97 శాతం గట్టి ఫలితాలిచ్చాయి, ఈసారి 36 శాతమే ఇచ్చాయి. ఇక్కడిదాకా నేను నవ్వుకున్నాను. కానీ 2019లో వ్యక్తిత్వానికీ జీవితంలో జరిగేవాటికీ ఉన్న 78 సంబంధాలను పెద్ద శాంపిళ్లతో పరీక్షిస్తే, సుమారు 87 శాతం నిలబడ్డాయి. ఇంతకన్నా అవమానం ఉంటుందా? ఫలితం నిజమైతే అది ఎవరికైనా వస్తుంది. నాకే రావడంలో ఉన్న గొప్ప ఏమైపోవాలి? పైగా ఈ ఉమ్మడి పత్రాల్లో రచయితలు వందల్లో ఉంటారు. ప్రమోషన్ కమిటీకి నా పేరు వేలుపెట్టి వెతికి చూపించాలా?

అందుకే డేటా పంచుకునేవాళ్ల వ్యక్తిత్వ లోపాలను కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేశాను. ప్రశ్నలు రహస్యం. శాంపిల్ నలభైమంది. ఫలితాలు రాయడం అయిపోయింది, జవాబులే ఇంకా రావాలి.