వానలో మొదలైన ఏడాది

1968 అనగానే అమెరికాలోని మెంఫిస్ నగరం గుర్తుకొచ్చేది ఒక్క సాయంత్రం కారణంగా. ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్ బాల్కనీలో మార్టిన్ లూథర్ కింగ్ తూటాకు నేలకొరిగారు. అసలు ఆయన ఆ ఊరికి ఎందుకు వెళ్లారని అడిగితే చాలామంది తడుముకుంటారు. చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు అండగా నిలవడానికి వెళ్లారు. అందుకే మెంఫిస్ ఏడాదిని ఫిబ్రవరి 1 నుంచి చదవాలని మేము కోరుతున్నాం.

ఆ రోజు వాన. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి కార్మికులు తలదాచుకోవడానికి చెత్త లారీ వెనుక తొట్టిలోకి ఎక్కారు. ఇళ్ల వసారాల కింద నిలబడితే ఆ పేటల్లోని శ్వేతజాతీయులు సహించేవారు కాదు. పాత లారీలో విద్యుత్ తీగలు కలిసిపోయి, చెత్తను అణిచే యంత్రం దానంతట అదే కదిలింది. ఇద్దరూ అందులో నలిగి చనిపోయారు. ఆ లారీలు ప్రమాదకరమని కార్మికులు అంతకుముందే మొత్తుకున్నారు. గంటల లెక్కన కూలి తీసుకునేవారు కనుక వారికి ప్రమాద పరిహారం వర్తించలేదు. నెల జీతం, అంత్యక్రియలకు 500 డాలర్లు ఇచ్చి నగరం చేతులు దులుపుకుంది. దానికి ఒకటి రెండు రోజుల ముందు కూడా వానే. మురుగు కాల్వల పని ఆగితే నల్లజాతి కూలీలను రెండు గంటల వేతనంతో ఇంటికి పంపేశారు. శ్వేతజాతి పర్యవేక్షకులకు మాత్రం రోజు జీతం మొత్తం దక్కింది.

ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పనిలోకి రాలేదు. కారుతున్న చెత్త తొట్లను నెత్తిన మోసి, పురుగులు పట్టిన బట్టలతో ఇంటికి వెళ్లే మనుషులు వారు. పూర్తికాలం పనిచేస్తూనే ప్రభుత్వ సాయానికి అర్హులయ్యేంత తక్కువ జీతాలు వారివి. కూలి పెంచండి, మా సంఘాన్ని గుర్తించండి, సంఘం చందాను జీతంలోంచే మినహాయించండి అన్నారు. మేయర్ హెన్రీ లోబ్ ససేమిరా అన్నారు. ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె చట్టవిరుద్ధమన్న ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నారు. చిక్కుముడి డబ్బు దగ్గర పడలేదని మా అభిప్రాయం. నల్లజాతి కార్మికుల ఎదుట సమానుడిగా కూర్చుని ఒప్పందంపై సంతకం చేయవలసి రావడమే ఆయనకు మింగుడుపడలేదు. కార్మికుల మెడలో వేలాడిన అట్టలపై ఉన్న నినాదమూ దాన్నే ఎత్తిచూపింది: 'నేను మనిషిని'. తల నెరిసిన వారిని కూడా 'బాయ్' అని పిలిచే ఊరది. మన దగ్గర పెద్ద వయసు మనిషిని 'ఒరేయ్' అన్నట్టు.

సమ్మెకు వ్యూహకర్తగా నిలిచిన పాస్టర్ జేమ్స్ లాసన్ గురించి భారతీయులు తప్పక తెలుసుకోవాలి. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించి జైలుకెళ్లిన మనిషి. ఆ తర్వాత 1950లలో నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీజీ సత్యాగ్రహాన్ని అధ్యయనం చేశారు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడి చర్చిల్లో, వీధుల్లో ఆచరణలో పెట్టారు. కింగ్‌ను మెంఫిస్‌కు పిలిచిందీ ఆయనే.

మార్చి 22న జరగాల్సిన ప్రదర్శన అనూహ్యంగా కురిసిన మంచువల్ల ఆగింది. 28న జరిగినప్పుడు అది అదుపు తప్పింది. పోలీసు కాల్పుల్లో లారీ పేన్ అనే పదహారేళ్ల కుర్రవాడు చనిపోయాడు. ఈ పేరు కూడా కింగ్ మరణం నీడలో దాదాపు కనుమరుగైంది. ఏప్రిల్ 3 రాత్రి తుఫాను గాలిలో, ఒంట్లో బాగోలేకపోయినా వచ్చి కింగ్ తన చివరి ప్రసంగం చేశారు. మర్నాడు హత్య. 8న ఆయన భార్య కొరెట్టా కింగ్ ముందు నడవగా వేలాదిమంది మౌనంగా నగర వీధుల్లో సాగారు.

ఏప్రిల్ 16న, సమ్మె అరవై అయిదో రోజున, ఒప్పందం కుదిరింది. అధ్యక్షుడు జాన్సన్ పంపిన కార్మికశాఖ అధికారి మధ్యవర్తిత్వం వహించారు. సంఘానికి గుర్తింపు వచ్చింది, చందా మినహాయింపునకు దారి దొరికింది. గంటకు మేలో 10 సెంట్లు, సెప్టెంబరులో మరో 5 సెంట్లు పెంచారు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. ఫిబ్రవరిలో అడిగిన వాటిలో ముఖ్యమైనవన్నీ ఏప్రిల్‌లో ఇవ్వగలిగారు. మధ్యలో పోయిన ప్రాణాలకు మేయర్ పట్టుదల తప్ప మరో కారణం మాకు కనిపించడం లేదు. మొదటి పెంపునకు నిధుల్లేవంటే ఏబ్ ప్లౌ అనే స్థానిక పారిశ్రామికవేత్త తన పేరు బయటికి రానివ్వకుండా సొమ్ము సమకూర్చారు.

ఈ పోలిక మన ఇంటి గడప దాకా వస్తుంది. 2023 డిసెంబరు ఆఖరున ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి అడిగినదీ సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రతే. మురుగు కాల్వల్లో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరులో ఆదేశించింది. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మ్యాన్‌హోళ్లలోకి దింపే పనిని చట్టం 2013లోనే నిషేధించింది. అయినా దింపుతూనే ఉన్నారు. కాంట్రాక్టరు మనిషి అని ఒకరు, ఔట్‌సోర్సింగ్ అని ఇంకొకరు తప్పుకోవడం, మెంఫిస్ నగరం 'గంటల కూలీ' అని తప్పుకున్నట్టే ఉంది. పరిహారం పత్రం అందేలోపే మరో గుంతలో మరో మనిషి దిగుతున్నాడు. పాలకులు లెక్కచూపవలసింది పంచిన చెక్కులను కాదు, కొన్న యంత్రాలను, పర్మనెంట్ చేసిన ఉద్యోగాలను.

మెంఫిస్‌లో ఆ సమ్మె చేసినవారికి నగర పెన్షన్ లేకుండా పోయింది. 2017లో, అంటే 49 ఏళ్లకు, బతికి ఉన్న ఆ కొద్దిమందికి తలా 50,000 డాలర్లు ఇస్తామని నగరం ప్రకటించింది. ఎనభై దాటిన ఒక కార్మికుడు అప్పటికీ చెత్త లారీ నడుపుతూనే ఉన్నాడు.