“మిక్సింగ్‌లో చూసుకుందాం” అనేవాణ్ణి నమ్మకండి

మొన్న గుంటూరులో పెళ్లి భోజనాల దగ్గర బాబాయి అడిగాడు. “ఏరా, ఆల్బమ్ చేస్తున్నారటగా, ప్రొడ్యూసర్ దొరికాడా? ఎంత పెడుతున్నాడు?”

“ఆయనేం పెట్టడు బాబాయ్, మేమే ఆయనకి ఇస్తున్నాం” అన్నాను. బాబాయి నోటి దాకా వచ్చిన పులిహోర ఆపి నావైపు జాలిగా చూశాడు.

ఆయన తప్పేం లేదు. సినిమాలు చూసి పెరిగిన ఊళ్లు మనవి, ప్రొడ్యూసరంటే చెక్కు మీద సంతకం పెట్టేవాడే. కానీ గిటార్లు భుజాన వేసుకుని విజయవాడలో, గుంటూరులో బ్యాండ్లు పెట్టిన కుర్రాళ్లు కూడా “ప్రొడ్యూసర్ ఎందుకన్నా, డబ్బు దండగ, మంచి మిక్సింగ్ చేయిస్తే చాలు” అంటుంటే ఒళ్లు మండుతోంది. మిక్సింగంటే, రికార్డు చేసిన వాయిద్యాలన్నిటినీ చివర్లో సరిచేసి కలపడం.

ఎందుకంటే నేనూ అలా అన్నవాణ్ణే. రెండేళ్ల కిందట ఒక స్టూడియోకి వెళ్లాం, పేరెందుకులెండి. గోడల నిండా ఫోమ్, చల్లటి ఏసీ, గంటల లెక్కన బిల్లు. డ్రమ్స్ వాయించేది నేనే. “అన్నా, స్నేర్ డ్రమ్ రేకు డబ్బాలా మోగుతోంది” అన్నాను రికార్డింగ్ చేసేవాడితో. “మిక్సింగ్‌లో చూసుకుందాం.” బేస్ తీగలు పాతబడి ధ్వని చచ్చిపోయింది. “మిక్సింగ్‌లో చూసుకుందాం.” రెండో చరణం దగ్గర పాట నీరుగారిపోతోంది. దానికీ అదే జవాబు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. నా స్నేర్ మొత్తం తీసేసి కంప్యూటర్లోంచి ఇంకో స్నేర్ తెచ్చి పెట్టాడు. మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా ప్రతి దెబ్బా ఒకే బరువు. ఇంటికొచ్చి వింటే అందులో నేను లేను. మా అమ్మ మాత్రం బాగుందంది, అది వేరే సంగతి.

ప్రొడ్యూసర్ పని సగం మైకు పెట్టకముందే అయిపోతుంది. ఏ గదిలో వాయించాలి, ఏ డ్రమ్‌కి ఏ చర్మం బిగించాలి, పాటలో ఏ ముక్క కోసెయ్యాలి, అందరూ కలిసి వాయించాలా, ఒక్కొక్కరా? సౌండ్ అక్కడ పుడుతుంది.

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణానే చూడండి. 1991లో వాళ్ల నెవర్‌మైండ్ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ బచ్ విగ్. గాయకుడు కర్ట్ కోబేన్‌కి ఒకే లైను రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పరచడం ఇష్టం లేకపోతే, “జాన్ లెనన్ కూడా అలా చేశాడు” అని బీటిల్స్ గాయకుడి పేరు చెప్పి ఒప్పించాడు. పైన ఆండీ వాలేస్ మిక్సింగ్‌తో మెరుపొచ్చింది. ఆ మెరుపు కోబేన్‌కే తర్వాత గిట్టలేదు. 1993లో ఇన్ యుటెరో ఆల్బమ్‌కి స్టీవ్ అల్బినీ దగ్గరికి వెళ్లారు. ఆయన నన్ను ప్రొడ్యూసర్ అనొద్దు అన్నాడు, రాయల్టీ వద్దన్నాడు, ఒకేసారి ఫీజు తీసుకున్నాడు. మిన్నెసోటాలోని స్టూడియోలో రెండు వారాల్లో పని ముగించాడు. అవే ముగ్గురు మనుషులు, అదే గొంతు. అయినా ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ చుట్టూ గది ప్రతిధ్వని వినిపిస్తుంది. ప్రొడ్యూసర్‌ని కాదు మొర్రో అన్న మనిషి ముద్ర పది సెకన్లలో దొరికిపోతుంది!

ఈసారి మేం పట్టుకున్న ప్రొడ్యూసర్ మాట తక్కువ మనిషి. బ్రాడీపేటలో మా అమ్మమ్మ వాళ్ల పాత ఇంటికి తీసుకెళ్తే, కాఫీ కూడా ముట్టకుండా గది గదికీ తిరిగి చప్పట్లు కొట్టాడు. అమ్మమ్మ వంటింట్లోంచి తొంగిచూసి “ఎవర్రా ఈ అబ్బాయి, భజన చేస్తున్నాడు?” అంది. గచ్చు నేల, ఎత్తయిన దూలాల కప్పు ఉన్న నడిమింట్లో చప్పట్లు గంభీరంగా మోగి, చటుక్కున ఆగాయి. డ్రమ్స్ ఇక్కడే అన్నాడు. మంచం, బీరువా బయటికి, కాలితో మోగించే కిక్ డ్రమ్ లోపలికి అమ్మమ్మ పాత దుప్పటి. ఇంగ్లండ్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 1971 ఆల్బమ్‌లో “వెన్ ది లెవీ బ్రేక్స్” డ్రమ్స్ కూడా ఒక పాత ఇంటి మెట్ల దిగువన హాల్లో వాయించి, మైకులు పైన వేలాడదీసి పట్టినవే. మాకు మెట్లు లేవు, నడిమిల్లు ఉంది.

మే నెల గుంటూరు ఎండ. మైకులోకి చప్పుడు వస్తుందని ఫ్యాన్ ఆపేశాం. పక్కింటి మోటారు ఆగేదాకా కూర్చుని, ఆగగానే ఒక టేక్. చెమటకి కర్ర జారి ఒకసారి అమ్మమ్మ మందుల డబ్బా మీద పడింది. గిటారిస్టు ఆంప్లిఫయర్ మీద గెయిన్ (గిటారుని గరగరలాడించే మీట) ఎనిమిది మీద పెట్టుకుంటే ఈయన వెళ్లి నాలుగుకి తిప్పాడు. వాడి మొహం చూడాలి! అదే రిఫ్ (మళ్లీమళ్లీ వచ్చే గిటారు ముక్క) రెండుసార్లు వాయించి కుడికొకటి, ఎడమకొకటి పెట్టాక విన్నాం. గెయిన్ తగ్గితే గిటారు లావెక్కింది. అంతకుముందు అంతా బురద.

“మా సౌండ్ మీద బయటివాడి పెత్తనమేంటి?” అనేవాళ్లు అమెరికన్ బ్యాండ్ మెటాలికా 1988 ఆల్బమ్ వినండి. బేస్ గిటారు ఎక్కడుందో వెతుక్కోవాలి. తగ్గించమని అడిగింది బ్యాండేనని మిక్స్ చేసినవాళ్లే చెప్పారు. 1991లో ప్రొడ్యూసర్‌గా బాబ్ రాక్ వచ్చి అందరినీ కలిపి వాయించమన్నాడు, గొడవలు పడ్డారు, బేస్ తిరిగొచ్చింది. ఆ మార్పు మింగుడుపడని ఫ్యాన్స్ ఇప్పటికీ ఉన్నారు, కాదనను.

మాకూ మింగుడుపడనిది ఒకటి మిగిలింది. మూడో పాటలో పదహారు బార్ల (తాళం ఆవర్తాల) గిటారు సోలోని ఆయన నాలుగుకి కోసేశాడు. గిటారిస్టు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. స్టేజీ ఎక్కితే మాత్రం పదహారూ వాయిస్తాడు. ఆ పన్నెండు బార్లూ నేను హై హ్యాట్ తాళాల మీద టైం కొడుతూ, రెండో చేత్తో మజ్జిగ తాగుతుంటాను.