పట్టపగలు ఆడిన అర్ధరాత్రి: మాక్‌బెత్‌ని క్లాసులో ఎలా చదవాలి?

మన డిగ్రీ, పీజీ ఇంగ్లిష్ క్లాసుల్లో షేక్‌స్పియర్ నాటకం ఒక చోట, ఆ నాటకం ఆడిన నాటకశాల ఇంకో చోట ఉంటాయి. ఆయన నాటకాలు ఆడిన గ్లోబ్ థియేటర్ సాహిత్య చరిత్రలో ఓ షార్ట్ నోట్: 1599లో లండన్‌లో థేమ్స్ నది దక్షిణ ఒడ్డున కట్టారు, 1613లో నాటకం మధ్యలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వ గడ్డి కప్పు మీద పడి కాలిపోయింది, మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. 'మాక్‌బెత్' అంటే కథాసారం, పాత్రల స్వభావం, అధికార దాహం మీద ఓ ఎస్సే. గైడ్‌లో రెండూ ఉంటాయి కానీ ఒకదాన్నొకటి పలకరించుకోవు. పిల్లలకు షేక్‌స్పియర్ కొరుకుడుపడకపోవడానికి పాతకాలపు ఇంగ్లిష్ కన్నా ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

గ్లోబ్‌లో నాటకాలు మధ్యాహ్నం పూట ఆడేవారు. ఒక్క పెన్నీ ఇచ్చి వేదిక చుట్టూ నిలబడ్డ వాళ్లకి పైకప్పు లేదు, పైనంతా లండన్ ఆకాశమే. సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు 1611లో అక్కడ మాక్‌బెత్ చూసి నోట్స్ రాసుకున్నాడు. అంటే రాజు డంకన్‌ని అతని సేనాని మాక్‌బెత్ నడిరాత్రి చంపే ఘట్టాన్ని ఆయన పట్టపగలు చూశాడు.

ఇది చెప్పి, రెండో అంకం మొదటి రంగం చదివించండి. రాత్రి ఎంతైందని మాక్‌బెత్ తోటి సేనాని బాంకో తన కొడుకుని అడుగుతాడు. చంద్రుడు దిగిపోయాడు, గడియారం కొట్టడం వినలేదంటాడు అబ్బాయి. స్వర్గంలోనూ పొదుపు పాటిస్తున్నట్టున్నారు, దీపాలన్నీ ఆర్పేశారంటాడు తండ్రి. పరీక్షకి చదివేవాళ్లు ఈ మాటల్ని దాటేస్తారు, ఇక్కడ కథ కదలదు కాబట్టి. కానీ ఆ నాటకశాలలో లైటింగ్ అంటే ఈ మాటలే. చేతిలో ఒక కాగడా, నోట ఈ నాలుగు వాక్యాలు, దాంతో ఎండలో నిలబడ్డ జనానికి చీకటి పడిపోవాలి.

సినిమా వేసి చూపిస్తే సరిపోదా అంటారు కొందరు. చూపించండి, మంచిదే. కాకపోతే అక్కడ చీకటిని కెమెరా ముందే తెచ్చిపెడుతుంది. అప్పుడు బాంకో మాటలు ఎందుకున్నాయో తెలియదు, అదనపు అలంకారంలా మిగిలిపోతాయి.

మూడో అంకంలో విందు ఘట్టం నాకు ఇంకా ఇష్టం. అప్పటికే బాంకోని మాక్‌బెత్ చంపించేశాడు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో అచ్చయిన ఫోలియో, అంటే ఆయన నాటకాల సంపుటి చూడండి. బాంకో దెయ్యం వచ్చి మాక్‌బెత్ స్థానంలో కూర్చుంటుందన్న రంగ సూచన అతను దాన్ని చూడ్డానికి చాలా ముందే ఉంది. అతిథుల ముందు అతను, బాంకో కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేది అంటాడు. ఆ మాట అంటున్నప్పుడే బాంకో అక్కడ కూర్చుని ఉన్నాడు! జనానికి కనిపిస్తున్నాడు, అతనికి ఇంకా కనిపించలేదు. కూర్చోమని పిలిస్తే బల్ల నిండిపోయిందంటాడు. ఇక్కడ చోటుంది కదా అంటారు. ఎక్కడ అని అడుగుతాడు. పేజీ మీద ఇవి మామూలు మాటలు. ముందు ఒక కుర్చీ లాగి, ఒక విద్యార్థిని మాట్లాడకుండా అందులో కూర్చోబెట్టి చదివిస్తే క్లాసంతా ఒక్కసారి బిగుసుకుంటుంది. నేరం అతన్ని ఎలా తింటోందో పది మార్కుల ఎస్సే కన్నా ఆ కుర్చీ బాగా చెబుతుంది.

అప్పట్లో నటులకి మొత్తం నాటకం ఇచ్చేవారు కాదు. తన మాటలు, వాటికి ముందు ఎదుటివాడి చివరి రెండు మూడు మాటలు, అంతే. డంకన్ హత్య అయ్యాక మాక్‌బెత్, అతని భార్య ఒక్కో ముక్కగా గుసగుసలాడే చోటుని అలా చీటీలుగా రాసి ఇద్దరికి ఇవ్వండి. ఎదుటివాళ్లు ఏమంటారో తెలియక చెవులు రిక్కించి వింటారు. ఆ పాత్రలున్న టెన్షన్ కూడా సరిగ్గా అదే.

సిలబస్ అవదు, క్లాసులో మందెక్కువ, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఆ భాష కష్టం అని లెక్చరర్లు అంటారు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అందుకే ఐదు అంకాలూ ఆడించమనడం లేదు, రెండు రంగాలు చాలు. చర్చ తెలుగులో జరిగినా నష్టం లేదు. అసలు మారాల్సింది ప్రశ్నపత్రం. 'మాక్‌బెత్ పాత్రను వివరించండి' బదులు 'బాంకో దెయ్యం ఏ వాక్యం దగ్గర రావాలి, ఎందుకు?' అని ఒక్క ప్రశ్న ఇస్తే, ముందుగా బట్టీపట్టిన జవాబు పనికిరాదు. వేదికను ఊహించుకుంటూ ఆ రంగం చదవక తప్పదు.