అరకు ఒక్కటే కాదు, మా సిరోంచ వైపూ రండి

సైకిల్ మీద తిరగదగ్గ అడవి దారులంటూ మీ వ్యాసంలో అరకు, మారేడుమిల్లి గురించి బాగా రాశారు. గోదావరి అవతలున్న మా సిరోంచను మాత్రం వదిలేశారు. మహారాష్ట్రలో ఉన్నా మా ఇళ్లలో తెలుగే.

ఇక్కడి నుంచి ఆలాపల్లి వైపు వెళ్తుంటే ఎటు చూసినా టేకు అడవే. ‘గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి’ అనే పాత టేకువనాన్ని 2014లో మహారాష్ట్ర తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి మాను కింద నిలబడి కొమ్మలు చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి వాల్చాల్సిందే.

వేసవి మొదట్లో బయల్దేరమన్నారు కదా, ఆ సలహా మా దారికి సరిపోదు. రాలిన టేకు ఆకులు బాటను కప్పేస్తాయి. విస్తరంత ఆకులు, కింద రాయుందో గుంటుందో తెలియదు, బ్రేక్ వేస్తే టైరు జారుతుంది. పైగా అది ఇప్పపూల కాలం. తెల్లారకముందే పూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి, కాబట్టి బాగా వెలుగొచ్చాకే కదలండి. చెట్టు కింద ఊడ్చిన నేల కనిపిస్తే దయచేసి సైకిల్ దిగి పక్కనుంచి నడవండి. ఆ పూలు ఏరుకునే గోండు కుటుంబాలకు అది కష్టార్జితం.

నవంబరులో రండి, అడవి ఇంకా పచ్చగా ఉంటుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు కూడా చూసి వెళ్లండి.