కాల్షియం 8.2: పెంచాలా, వద్దా?

థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని, ఏడాది దాటినా అవి విడుదల చేసే హార్మోన్, పీటీహెచ్, కోలుకోని రోగి. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.2 మి.గ్రా. మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు. ఇద్దరు డాక్టర్లకు ఈ రిపోర్టు మీదే పేచీ.

ఫిజీషియన్: నార్మల్ 8.5 నుంచి మొదలండీ. ఈమెకి చీమలు పాకినట్టుందట. మాత్రలు పెంచి 9.5కి తెస్తే పోయేదేముంది?

ఎండోక్రైనాలజిస్ట్: కిడ్నీలు పోతాయి. మూత్రంలోకి జారే కాల్షియాన్ని వెనక్కి లాగమని కిడ్నీకి చెప్పేదే పీటీహెచ్. అది లేకుండా రక్తంలో 9.5 ఉంచితే మూత్రంలోకి వరదే. రాళ్లు పడతాయి, కిడ్నీలో సున్నం పేరుకుంటుంది. అందుకే నార్మల్ కింది అంచునో, కాస్త దిగువనో ఉంచుతాం.

ఫిజీషియన్: అంటే కిడ్నీ బాగుండాలని మనిషిని తిమ్మిర్లతో వదిలేస్తారా?

ఎండోక్రైనాలజిస్ట్: వదలను, ముందు కారణం వెతుకుతాను. రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్, అల్బుమిన్, చూశారా? అది 3 ఉంటే మీ 8.2కి 0.8 కలపాలి, అంటే లెక్కకు 9. మెగ్నీషియం తక్కువున్నా తిమ్మిరి వదలదు. ఇంతకీ మాత్రలెప్పుడు వేసుకుంటోంది?

ఫిజీషియన్: కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.వి రెండు, పొద్దున్నే. గ్యాస్ మాత్ర, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ కూడా అప్పుడే.

ఎండోక్రైనాలజిస్ట్: దొరికాడు దొంగ! ఒక్కో మాత్రలో అసలు కాల్షియం 500 మి.గ్రా. రెండూ ఒకేసారి మింగితే ఒంటికి పట్టే శాతం తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ లోటే. పైగా కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, దాన్ని గ్యాస్ మాత్ర ఆపేస్తోంది. కాల్షియం ఏమో థైరాక్సిన్‌ని అడ్డుకుంటోంది. ఆ రెంటికీ నాలుగు గంటల ఎడం పెట్టండి. కాల్షియం సిట్రేట్‌కి మార్చి, రోజులో మూడుసార్లకి పంచండి. అందులో కాల్షియం 21 శాతమే కాబట్టి మాత్రలు ఎక్కువవుతాయి, ముందే చెప్పండి.

ఫిజీషియన్: అన్ని మాత్రలు మింగించే బదులు కాల్సిట్రయాల్, అదే చురుకైన విటమిన్ డి, పెంచొచ్చుగా?

ఎండోక్రైనాలజిస్ట్: అది పేగుల్లోంచి ఫాస్ఫేట్‌నీ లాగుతుంది. పెంచితే 0.25 మైక్రోగ్రాములే, ఆపై ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్ష. 24 గంటల మూత్రంలో కాల్షియం ఎంత?

ఫిజీషియన్: చేయించలేదు. రోజంతా డబ్బా పట్టుకు తిరగమంటే ఎవరు తిరుగుతారు? తిరిగినా సగం పారబోస్తారు.

ఎండోక్రైనాలజిస్ట్: పొద్దున మొదటిది పారబోసి టైం రాసుకోవాలని, మర్నాడు అదే టైంకి ఆఖరిది పట్టాలని మనం చెబితేగా! ఆ డబ్బాలోనే క్రియాటినిన్ కూడా చూడమనండి, సరిగా పట్టిందో లేదో తేలిపోతుంది. రోజు మూత్రంలో కాల్షియం ఆడవాళ్లలో 250, మగవాళ్లలో 300 మి.గ్రా. దాటితే థయజైడ్ ఆలోచించాలి, మూత్రంలోకి పోయే కాల్షియాన్ని తగ్గించే మాత్ర అది. ఉప్పు తగ్గించకపోతే అదీ దండగే. అది పొటాషియాన్ని తగ్గిస్తుంది, ఓ కంట కనిపెట్టాలి.

ఫిజీషియన్: లేని హార్మోన్‌నే ఇస్తే ఈ గొడవంతా ఉండదు.

ఎండోక్రైనాలజిస్ట్: రోజుకో ఇంజక్షన్‌గా పాలోపెగ్‌టెరిపారాటైడ్ ఉంది, 2024లో అమెరికా అనుమతించింది. మాత్రలతో అదుపు కానివాళ్లకి మంచిదే. ఈమెకి మాత్రల టైమే కుదరలేదు, అప్పుడే ఇంజక్షనా?

ఫిజీషియన్: రాత్రి చేతులు కొంకర్లు పోతే మాత్రం మీ అంచుల లెక్క వినను.

ఎండోక్రైనాలజిస్ట్: వినొద్దు. అప్పుడు ఈసీజీ పెట్టి, 10 శాతం కాల్షియం గ్లూకొనేట్ 10 మి.లీ. నరంలోకి, పది నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కించాలి. తిమ్మిరి వేరు, కొంకర్లు వేరు.

ఫిజీషియన్: సరే, సిట్రేట్‌కి మారుస్తాను. రెండు వారాల్లో తగ్గకపోతే మోతాదు పెంచేస్తాను.

ఎండోక్రైనాలజిస్ట్: పెంచండి, మూత్రం రిపోర్టు చేతిలో పెట్టుకుని.