హనుమకొండ నుంచి ఫ్రిస్కోకి 45 గంటలు

పోయిన వేసవిలో అమ్మకు టికెట్ కొన్నది నేనే. హైదరాబాద్ నుంచి డాలస్‌కి 33 గంటలు, రెండు స్టాపులు అని చూపించింది. ఒక్క స్టాపున్న టికెట్ కంటే 180 డాలర్లు తక్కువ. కొనేశాను.

అమ్మ ప్రయాణం హైదరాబాద్‌లో మొదలవదు కదా. సాయంత్రం ఆరింటికి హనుమకొండలో ఇంటికి తాళం వేసిన మనిషి డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో మా గడప దగ్గర చెప్పులు విప్పేసరికి 45 గంటలైంది. శంషాబాద్ వరకు కారులో నాలుగు గంటలు, అక్కడ తెల్లవారుజాము నాలుగింటి దాకా ఎదురుచూపులు. గల్ఫ్‌లో ఇంకో ఏడు గంటలు. వైఫైకి ఓటీపీ కావాలి, ఇండియా సిమ్‌కి అది రాలేదు. ఆ ఏడు గంటలూ అమ్మ ఏం తిన్నదో, ఎక్కడ కూర్చుందో మాకు తెలియదు. షుగర్ మాత్ర ఏ ఊరి టైముకి వేసుకోవాలో అర్థంకాక ఒక పూట మానేసింది.

అసలు కష్టం అమెరికాలో. మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ అవుతుంది, సామాను కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. 23 కిలోల పెట్టెలు రెండు. 64 ఏళ్ల మనిషి వాటిని బెల్టు మీద నుంచి ఎలా దించుతుందని నేను ఆలోచించనే లేదు. ఎవరో తెలుగబ్బాయి సాయం చేశాడట. "వాడు సల్లగుండ, అమ్మా అని పిలిచి మరీ దించిండు" అంది. వీల్‌చెయిర్ పెట్టిస్తానంటే "నా కాళ్లకేమైంది బిడ్డా" అని వద్దన్నది. నేను గట్టిగా చెప్పాల్సింది. వీల్‌చెయిర్ అంటే నడవలేని వాళ్లకే అనుకుంటారు గానీ, దాంతో పాటు దారి తెలిసిన మనిషి ఒకరు వెంట ఉంటారు. అమ్మకు కావలసింది అదే.

దూరం లెక్క చూస్తే ఇంకా బాధేస్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళితే 15,500 దాకా అవుతుంది. ఆ చుట్టు తిరుగుడు విమానానికి గంటా పావు పని. మిగతా కాలమంతా క్యూలలో, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పోతోంది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు విమానాలు ఎక్కడా ఆగకుండా వెళ్తున్నాయి. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో నేరుగా నడిపింది, అదే నెలలో హైదరాబాద్–చికాగో కూడా మొదలుపెట్టింది. చికాగోది తర్వాత ఆగిపోయింది. డాలస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, నేరుగా ఒక విమానం అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

అది వచ్చేదాకా మన చేతుల్లో ఉన్నదైనా చేద్దాం. "పొద్దున నాలుగింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగింటికి దిగుతావు" అని అమ్మానాన్నలకు చెప్పకండి. వాళ్లు 12 గంటలే అనుకుంటారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అంటే ఆ ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. గడియారం టైము వదిలేసి, ఎక్కిన ఎన్ని గంటలకు ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

దసరా వెళ్లాక అమ్మా నాన్నా ఇద్దరూ వస్తున్నారు. ఒకే స్టాపు, మధ్యలో మూడు గంటలు, ఇమ్మిగ్రేషన్ డాలస్‌లోనే. ఇద్దరికీ వీల్‌చెయిర్ చెప్పాను. ఒక్కో టికెట్‌కి 210 డాలర్లు ఎక్కువైంది. నిన్న రాత్రే కొనేశాను.