జెఫర్సన్ అప్పు ఎవరు తీర్చారు?

1776 జులై 4న ఫిలడెల్ఫియాలో థామస్ జెఫర్సన్ ఒక థర్మామీటర్‌కు 3 పౌండ్ల 15 షిల్లింగులు కట్టారు. ఏడు జతల ఆడవాళ్ల గ్లౌజులకు 27 షిల్లింగులు, దానానికి షిల్లింగున్నర. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన రోజున, దాన్ని రాసిన మనిషి జమాఖర్చుల పుస్తకంలో ఉన్న పద్దులివి.

ఈ రాసుకునే అలవాటు ఆయన చివరిదాకా మానలేదు. వైన్, పుస్తకాలు, గుర్రాలు, పనివాళ్లకిచ్చిన చిల్లర, అన్నీ ఎక్కించేవారు. మొత్తం కూడి, తాను ఎంత అప్పులో ఉన్నాడో చూసుకోవడమే తక్కువ. సరిగ్గా యాభై ఏళ్లకు, 1826 జులై 4న చనిపోయేనాటికి అప్పు లక్షా ఏడు వేల డాలర్లు. ఈనాడు రెండు డాలర్ల నోటు మీద ఉన్నది ఈయన బొమ్మే.

ఇది ఒక్క జెఫర్సన్ దుబారా కథ కాదు. వర్జీనియా పొగాకు అంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పేరు పుట్టిన వర్జీనియాలో పెద్ద భూస్వాములు పంటను పీపాల్లో కూరి లండన్ వర్తకుడికి ఓడలో పంపేవారు. ఆయన అమ్మిపెట్టి, ఆ లెక్కలోంచే బట్టలు, ఫర్నిచర్, టీ వెనక్కి పంపేవాడు. ధర పడితే బాకీ పెరిగేది. దాన్ని తీర్చడానికి వచ్చే ఏడు పంటా ఆయనకే పంపాలి. కమీషన్ ఏజెంటు దగ్గర ఎరువులకు అప్పు తెచ్చుకున్న ఎవరికైనా ఇది తెలిసిన లెక్కే. ఈ బాకీలు తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వస్తాయనీ, భూస్వాములే లండన్ కొట్లకు ఒకరకం ఆస్తి అయిపోయారనీ జెఫర్సన్ స్వయంగా రాశారు. మనుషుల్ని ఆస్తిగా పెట్టుకున్నవాడు ఆ మాట అనడం గమనించాలి. 1773లో మామ జాన్ వేల్స్ పోయినప్పుడు ఆయనకు పొలాలు వచ్చాయి, 135 మంది బానిసలు వచ్చారు, వాళ్లతోపాటు బ్రిటన్ వర్తకుల బాకీలూ వచ్చాయి.

జార్జ్ వాషింగ్టన్ మెడకూ ఇదే ఉచ్చు. ఆయన లెక్క చూసుకునే మనిషి. 1760ల మధ్యలోనే పొగాకు వదిలి గోధుమకు మళ్లారు, చివరి రోజుల్లో విస్కీ బట్టీ కూడా పెట్టారు. అయినా వేల ఎకరాలున్న ఈ పెద్దమనిషి 1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి న్యూయార్క్ వెళ్లాలంటే చేతిలో నగదు లేక అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. విప్లవానికి డబ్బు సర్దిన రాబర్ట్ మోరిస్ అయితే భూముల బేరాల్లో మునిగి, బాకీదారుల జైల్లో మూడేళ్లు గడిపారు. వాషింగ్టన్ తర్వాత అధ్యక్షుడైన మసాచుసెట్స్ మనిషి జాన్ ఆడమ్స్‌కు బానిసలు లేరు, పెద్ద దర్పమూ లేదు. లండన్‌లో బ్యాంకు మునిగి సొమ్ము పోతే కొడుకు ఆదుకున్నాడు.

జెఫర్సన్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ఇక్కడే ఒక మాట అంటారు: ఆయనకు బానిసల్ని వదిలేయాలనే ఉంది, అప్పులే చేతులు కట్టేశాయి అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. విడిపించిన వాళ్లను కూడా పాత బాకీ కింద పట్టుకుపోయే వీలు వర్జీనియా చట్టంలో ఉంది. అయితే ఈ వాదన కోష్యుష్కో దగ్గర తేలిపోతుంది. అమెరికా తరఫున పోరాడిన ఈ పోలండ్ సైనికుడు 1798లో వీలునామా రాసి, అమెరికాలో ఉన్న తన డబ్బుతో బానిసల్ని కొని విడిపించమన్నాడు. కావాలంటే జెఫర్సన్ సొంత బానిసల్నే విడిపించుకోవచ్చు, ఆ బాధ్యతా జెఫర్సన్‌కే అప్పగించాడు. 1817లో కోష్యుష్కో పోయాక జెఫర్సన్ ఆ బాధ్యత తనవల్ల కాదని తప్పుకున్నారు. వయసు మీద పడింది, కోర్టు చిక్కులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ విడుదలకు కావాల్సిన డబ్బు గుమ్మం దాకా వచ్చింది.

వాషింగ్టన్‌ను దేవుణ్ని చేయనక్కర్లేదు. తన ఇంటి నుంచి 1796లో పారిపోయిన ఓనా జడ్జ్ అనే యువతిని తిరిగి పట్టి తెప్పించాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. అయినా 1799లో వీలునామా రాసేటప్పుడు తన పేరిట ఉన్న 123 మందికి విడుదల రాశారు. ముసలివాళ్ల పోషణకు ఏర్పాటు చేశారు. భార్య వైపు నుంచి వచ్చిన వాళ్లను విడిపించే హక్కు ఆయనకు లేదు, వాళ్లు అలాగే ఉండిపోయారు. ఒకే రాష్ట్రం, ఒకే తరగతి. చేయదలిస్తే చేసే పనే అని ఆ కాగితం చెబుతోంది.

జెఫర్సన్ వీలునామాలో స్వేచ్ఛ దక్కింది ఐదుగురికే. వాళ్లలో జో ఫాసెట్ అనే కమ్మరి ఒకడు. అతని భార్య ఈడిత్, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్‌లో ఫ్రెంచ్ వంట నేర్చుకుని, తర్వాత ఆయన సొంతిల్లు మాంటిచెల్లోలో వంటింటి పెద్దగా ఉండేది. వీలునామాలో ఆమె పేరు లేదు, పిల్లల పేర్లూ లేవు. 1827 జనవరి చలిలో ఫర్నిచర్‌తో, పశువులతో పాటు 130 మందిని వేలానికి పెట్టారు. తన కొలిమి మీద పెరిగిన కుటుంబం తలో చేతిలో పడుతుంటే జో నిలబడి చూడాల్సి వచ్చింది. తర్వాత బంధువుల సాయంతో భార్యను, కొందరు పిల్లల్ని కొనుక్కున్నాడు. ఇంత అమ్మినా జెఫర్సన్ బాకీ తీరలేదు. ఈనాడు ఐదు సెంట్ల నాణెం మీద కనిపించే ఆ ఇల్లు కూడా 1831లో పోయింది.

జో కొడుకు పీటర్‌కు వేలం నాటికి పదకొండేళ్లు. తాను బానిసనని అప్పటిదాకా తనకు తెలియనే తెలియదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయాడు. 1850లో విడుదలై సిన్సినాటి చేరి, క్యాటరింగ్ చేసుకుంటూ చర్చి పాస్టర్ అయ్యాడు. 1900లో, 85 ఏళ్ల వయసులో, పుట్టిన చోటు ఒకసారి చూడాలని మాంటిచెల్లోకు వెళ్లాడు. దారి ఖర్చులకు చర్చి వాళ్లు చందాలు వేసుకుని ఇచ్చారు.